పరాయి చెట్టు నీడన ఎర్ర ఉడుత

ఇంగ్లండు ఉత్తర కొసన, స్కాట్లండ్ సరిహద్దును ఆనుకుని ఉంది కీల్డర్ అడవి. మొదటి ప్రపంచయుద్ధంలో కలపకు కటకటలాడిన బ్రిటన్ ఆ తర్వాత 1926లో ఈ కొండల మీద మొక్కలు నాటడం మొదలుపెట్టింది. నాటినవాటిలో ఎక్కువ సిట్కా స్ప్రూస్, ఉత్తర అమెరికా పడమటి తీరపు చెట్టు. సూదుల్లాంటి ఆకులు, మిట్టమధ్యాహ్నమూ మసక చీకటి. అందమైన అడవి కాదంటారు చాలామంది. అయినా ఇంగ్లండులో మిగిలిన ఎర్ర ఉడుతల్లో దాదాపు సగం ఇక్కడే ఉన్నాయి!

మన ఉడుతకున్న చారలు దీనికి లేవు. బరువు సుమారు మూడు వందల గ్రాములు. చలికాలం వస్తే చెవుల మీద కుచ్చులు మొలుస్తాయి. మంచు కురుస్తున్నా నిద్రపోదు, తిండికి తిరుగుతూనే ఉంటుంది. స్ప్రూస్ కాయను ముందుకాళ్లతో తిప్పుతూ, మొక్కజొన్న కంకి ఒలిచినంత ఒడుపుగా పొలుసులు పీకి, అడుగునున్న చిన్న గింజను తింటుంది. చెట్టు కింద పొలుసులూ బెండ్లూ కనిపిస్తే పైన అది కాపురముంటున్నట్టే.

1876లో ఇంగ్లండులోని చెషైర్‌లో ఎవరో వేడుక కోసం అమెరికా బూడిద ఉడుతల్ని వదిలారు. అవి ఎర్ర ఉడుతకు దాదాపు రెట్టింపు బరువు. ఓక్ కాయల్ని దానికంటే సులువుగా అరిగించుకుంటాయి. అవి మోసే ఉడుత మశూచి వైరస్ వాటినేమీ చేయదు. ఎర్రదానికి సోకితే కళ్లూ మూతీ పుండ్లు పడి, కొద్ది రోజుల్లోనే ప్రాణం పోతుంది. అయితే పెద్ద గింజలకు అలవాటుపడ్డ బూడిద ఉడుతకు స్ప్రూస్ అడవిలో కడుపు నిండదు. తేలికపాటి ఎర్ర ఉడుతకు ఆ చిన్న గింజలే చాలు. అమెరికా జంతువు తరిమితే అమెరికా చెట్టే చోటిచ్చింది!

కానీ ఇది కలప కోసం కోసే అడవి. స్ప్రూస్ బాగా కాయాలంటే ముప్పై ఏళ్లు దాటాలి; కొన్నేళ్లు అసలే కాయదు. అందుకే కాపుకొచ్చిన చెట్లున్న చోట్లు కొన్ని ఎప్పుడూ మిగిలేలా, కొమ్మల దారి తెగకుండా కొయ్యాలి. నార్వే స్ప్రూస్, స్కాట్స్ పైన్ కలిపి నాటాలి. ఓక్, బీచ్ మాత్రం ఇక్కడ వద్దు, అవి బూడిద ఉడుతకు పిలుపు. ఓక్‌ను వద్దనాల్సి రావడం నాకు బాధే. అయినా ఎర్ర ఉడుత బతకడమే ముఖ్యం.

ఈమధ్య పైన్ మార్టెన్ తిరిగొస్తోంది. పిల్లి అంత ఉండే ఈ వేటజంతువు పుంజుకున్న చోట, ఐర్లండులోనూ స్కాట్లండులోనూ, బూడిద ఉడుతలు తగ్గి ఎర్రవి పెరిగాయి. అది ఎర్ర ఉడుతనూ తింటుంది. కాకపోతే వేల ఏళ్లు దానితో కలిసి బతికిన ఎర్ర ఉడుత దాని వాసన పసిగట్టి జాగ్రత్తపడుతుంది. బూడిద ఉడుతకు ఆ వాసన ఇంకా తెలియదు.