ఫోన్‌లో తెలుగు అక్షరం విరగకుండా చూసేదెవరు? ఫ్రీ సాఫ్ట్‌వేర్ వెనుక కనిపించని కష్టం

నాగర్‌కర్నూల్ జిల్లా బల్మూర్‌లో ఎవరో ఒకరు ఆండ్రాయిడ్ ఫోన్‌లో వీడియో ఓపెన్ చేశారనుకుందాం. కింద టైటిల్‌లో 'బల్మూర్' అని తెలుగులో కనిపిస్తుంది. ఇందులో వింతేముంది అనిపిస్తుంది. కానీ ఫోన్ లోపల ఆ పేరు మూడు అక్షరాలు కాదు.. ఏడు కోడ్‌లు. బ, ల, పొల్లు, మ, కొమ్ము దీర్ఘం, ర, మళ్లీ పొల్లు. టైప్ చేసేటప్పుడు కొమ్ము దీర్ఘం 'మ' తర్వాత వస్తుంది. తెర మీద మాత్రం అది 'ల'కు తగలాలి, 'మ' ఒత్తుగా మారి కిందికి దిగాలి. ఈ లెక్క తప్పిందా.. ఊరి పేరు 'బల్‌మూర్' అని ముక్కలైపోతుంది. పాత ఫోన్లలో తెలుగు మెసేజ్ వస్తే డబ్బాలు డబ్బాలుగా కనిపించిన రోజులు చాలామందికి గుర్తే.

ఈ లెక్క చూసే సాఫ్ట్‌వేర్ పేరు హార్ఫ్‌బజ్. ఆండ్రాయిడ్, క్రోమ్, ఫైర్‌ఫాక్స్, లిబ్రేఆఫీస్ అన్నీ దీన్నే వాడుతున్నాయి. పేరు పర్షియన్ నుంచి వచ్చింది. 'హర్ఫ్' అంటే అక్షరమని ఉర్దూ తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు, 'బాజ్' అంటే తెరిచినది. పేరుకు తగ్గట్టే దీని కోడ్ అందరికీ తెరిచే ఉంటుంది. ఎవరైనా ఫ్రీగా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. ఇలాంటి దాన్నే ఓపెన్ సోర్స్ లైబ్రరీ అంటారు. యాప్‌లు తయారుచేసేవాళ్లు ప్రతి పనికీ కొత్తగా కోడ్ రాసుకోరు, ఇలాంటి రెడీమేడ్ ముక్కల్ని తెచ్చి కలుపుకుంటారు.

మరి ఆ ముక్క పాడైతే ఎవరు బాగుచేయాలి? అసలు కథ ఇక్కడే మొదలవుతుంది.

హార్ఫ్‌బజ్‌ను ఏళ్ల తరబడి ముందుండి నడిపిస్తున్నది బెహదాద్ ఎస్ఫాబోద్. ఇరాన్‌లో పుట్టి కెనడాలో స్థిరపడిన ఇంజనీర్. తెలుగు ఆయన మాతృభాష కాదు. మరి ఒత్తు ఎక్కడ పడాలో ఎలా తెలియాలి? దానికి వికీపీడియాలోని పదాలను పరీక్షకు పెట్టారు. ఒక్క తెలుగులోనే 9.7 లక్షలకు పైగా పదాలు! ప్రతి పదాన్నీ మైక్రోసాఫ్ట్ విండోస్ ఎలా చూపిస్తుందో దానితో పోల్చి చూశారు.

విండోస్‌తోనే ఎందుకంటే.. అప్పటికే ఉన్న ఫాంట్‌లను చాలావరకు విండోస్‌లో చూసుకుంటూనే తయారుచేశారు. వాడేవాళ్లు కోరుకునేది 'వ్యాకరణం ప్రకారం కరెక్ట్' కాదు, 'నిన్న ఎలా ఉందో ఇవాళా అలాగే ఉండాలి' అన్నది. లైబ్రరీ నడిపేవాళ్లకు పెద్ద తలనొప్పి ఇదే. ఒకరి ఫిర్యాదు విని ఒక చోట సరిచేస్తే, పాత పద్ధతికి అలవాటుపడిన ఇంకో ఫాంట్ చెడిపోవచ్చు. సరిచేసినా తిట్లు, చేయకపోయినా తిట్లు.

2018 ఫిబ్రవరిలో జరిగింది గుర్తుందా? 'జ్ఞా' అక్షరంతో ముడిపడిన ఓ మెసేజ్ వస్తే ఐఫోన్లలో యాప్‌లు క్రాష్ అయిపోయాయి. అది యాపిల్ సొంత సాఫ్ట్‌వేర్. ఐఓఎస్ 11.2.6 అప్‌డేట్ ఇచ్చి సరిచేసింది. ఫోన్ కొన్నవాళ్లు కంపెనీని నిలదీయొచ్చు, అది న్యాయం కూడా. ఓపెన్ సోర్స్‌లో ఆ లెక్క వేరు. 'ఉన్నది ఉన్నట్టుగా ఇస్తున్నాం, ఏ గ్యారంటీ లేదు' అని లైసెన్స్‌లోనే రాసి ఉంటుంది. కానీ వాడేవాళ్లు అది చదవరు. కోట్లు సంపాదించే కంపెనీలు కూడా 'ఎప్పుడు సరిచేస్తారు' అని అడుగుతూనే ఉంటాయి. ఊరుమ్మడి బోరు పాడైతే, నీళ్లు పట్టుకునేవాళ్లంతా కలిసి పోయినసారి బాగుచేసిన మనిషి ఇంటి ముందుకే వెళ్లినట్టు!

ఒత్తిడే ఆయుధమైతే?

ఈ ఒత్తిడి ఎంత దూరం వెళ్తుందో ఎక్స్‌జెడ్ ఉదంతం చూపించింది. ఫైళ్లను కుదించే ఈ చిన్న సాఫ్ట్‌వేర్ దాదాపు ప్రతి లినక్స్ సిస్టమ్‌లోనూ ఉంటుంది. ఫిన్లాండ్‌కు చెందిన లస్సే కొలిన్ ఏళ్లుగా దాన్ని ఒక్కరే చూసుకునేవారు. 2022లో కొత్త కొత్త పేర్లతో మెయిల్స్ మొదలయ్యాయి. పని నెమ్మదిగా సాగుతోంది, చేతకాకపోతే వేరేవాళ్లకు అప్పగించండి అని. తన మానసిక ఆరోగ్యం బాగా లేదని, ఇది జీతం లేని పని అని ఆయన బహిరంగంగానే చెప్పుకున్నారు. అదే సమయంలో జియా టాన్ అనే పేరుతో ఒకరు ఓపిగ్గా సాయం చేస్తూ నమ్మకం సంపాదించారు, చివరికి బాధ్యతల్లో వాటా పొందారు.

2024 ఫిబ్రవరిలో వచ్చిన 5.6.0 వెర్షన్‌లో రహస్య దొడ్డిదారి చేరింది. సర్వర్లలోకి దొంగచాటుగా చొరబడే మార్గం అది. మైక్రోసాఫ్ట్ ఇంజనీర్ ఆండ్రెస్ ఫ్రాయిండ్ తన కంప్యూటర్‌లో లాగిన్‌కు అర సెకను ఎక్కువ పట్టడం గమనించి తవ్వితే విషయం బయటపడింది. మార్చి 29న ఆయన లోకానికి చెప్పారు. ఒత్తిడి తెచ్చిన ఆ పేర్లు కూడా దొంగ పేర్లేనని చాలామంది నిపుణుల అనుమానం. జియా టాన్ ఎవరో ఇప్పటికీ తేలలేదు. దొడ్డిదారి తీసేసిన 5.6.2 వెర్షన్‌ను మే 29న విడుదల చేసింది మళ్లీ ఆ కొలిన్ గారే.

వీడియోల సంగతేంటి? అక్కడా ఇదే గొడవ. 2000లో మొదలైన ఎఫ్ఎఫ్ఎంపెగ్ లేకుండా వీడియో ప్రపంచం నడవదంటే అతిశయోక్తి కాదు. క్రోమ్‌లోనూ, వీఎల్‌సీలోనూ ఉంది. 1995 నాటి ఓ గేమ్ వీడియోలను చదివే కోడ్‌లో గూగుల్ ఏఐ టూల్ లోపం పట్టింది. దాన్ని సరిచేశారు కానీ, 2025 చివర్లో దీనిపై పెద్ద రచ్చే జరిగింది. లోపాలు మాత్రమే పంపితే ఎలా, రిపేరు కోడ్ అయినా పంపండి లేదా డబ్బైనా ఇవ్వండి అన్నది వాలంటీర్ల వాదన. లోపం తెలిస్తేనే జనం జాగ్రత్తపడతారన్నది ఎదుటివాళ్ల మాట. అందులోనూ నిజముంది. కాకపోతే గూగుల్ అంత కంపెనీ లోపం కనిపెట్టగలిగినప్పుడు రిపేరు కూడా పంపగలదు కదా!

డబ్బు విషయంలో కాస్త కదలిక వచ్చింది. బెంగళూరు కంపెనీ జెరోధా 2024 అక్టోబరులో ఇలాంటి ప్రాజెక్టుల కోసం ఏటా 10 లక్షల డాలర్ల నిధి ప్రకటించింది.

మామూలు యూజర్ ఏం చేయాలి?

తెలుగు అక్షరం విరిగి కనిపిస్తే ముందు అదే పదాన్ని ఇంకో యాప్‌లో చూడండి. అక్కడ బాగుంటే తప్పు మొదటి యాప్‌దై ఉండొచ్చు. ఫాంట్ మారిస్తే సరైపోతే తప్పు ఫాంట్‌ది. తెలుగు ఫాంట్‌లలోనూ ఓపెన్‌గా ఉన్నవి చాలానే ఉన్నాయి. గద్వాల సీమకు చెందిన గోల్కొండ పత్రిక సంపాదకుడు సురవరం ప్రతాపరెడ్డి పేరుతో వచ్చిన 'సురవరం' ఫాంట్ సిలికానాంధ్ర ఫ్రీగా ఇచ్చినదే.

రెండుచోట్లా తప్పే వస్తే ఫిర్యాదు పెట్టొచ్చు. స్క్రీన్‌షాట్ ఒక్కటీ పంపితే సరిపోదు, అందులో కోడ్‌లు కనిపించవు. ఆ పదాన్ని టెక్స్ట్‌గా కాపీ చేసి పెట్టాలి. ఏ ఫోన్, ఏ ఆండ్రాయిడ్ వెర్షన్, ఏ యాప్, ఏ ఫాంట్ అన్నది రాయాలి. అన్నిటికంటే ముఖ్యం.. ఆ అక్షరం ఎలా ఉండాలో రాయాలి. తెలుగు చదవడం రాని ఇంజనీర్‌కు అది తెలుగువాళ్లే చెప్పగలరు.