29 ఇంచుల చక్రం ఉంటే చాలా?

గేర్ సైకిల్ కొందామని ఏ షాపుకెళ్లినా ముందు వినిపించే ప్రశ్న ఒకటే: ‘ఎంత ఇంచు కావాలి?’ 26, 27.5, 29... ఆన్‌లైన్‌లోనూ ఫొటో పక్కన పెద్ద అక్షరాల్లో కనిపించేది ఆ నంబరే. దాంతో 29 అంటే టాప్ మోడల్, 26 అంటే పిల్లలది అన్నట్టు తయారైంది పరిస్థితి. నిజానికి ఆత్మకూర్ చుట్టుపక్కల ఎర్ర చెలకల్లో, కాలువ గట్ల మీద, గుండ్ల మధ్య బండి బాటల్లో మీ సైకిల్ మీ మాట వింటుందా లేదా అన్నది ఆ ఒక్క నంబరు చెప్పదు. దానికి ఫ్రేమ్ కొలతలు కూడా చూడాలి. వేలకు వేలు పోసి కొనేముందు ఆ లెక్కేంటో పది నిమిషాల్లో తెలుసుకుందాం.

ఇంచుల తికమక

మొదట ఒక చిన్న షాక్. మన తాతలు పాల క్యాన్లు కట్టుకుని తిరిగిన 28 ఇంచుల నల్ల సైకిల్ రిమ్ము, ఇప్పటి 29 రిమ్ము కంటే పెద్దది! టైరు కూర్చునే చోట కొలిస్తే 28 ఇంచుల రోడ్‌స్టర్‌ది 635 మిల్లీమీటర్లు. 29ది 622, 27.5ది 584, 26ది 559. టైరు పక్కన ‘54-622’ లాంటి నంబరు ఉంటుంది చూడండి. మొదటిది టైరు వెడల్పు, రెండోది ఈ రిమ్ము కొలత. టైరు లావుగా ఉండటం వల్ల 29 మొత్తం ఎత్తులో కొంచెం పైకి పోతుంది, అంతే. ట్యూబ్, టైరు కొనేటప్పుడు ఇంచులు కాకుండా ఈ నంబరే చూడండి.

పెద్ద చక్రం ఇచ్చేదెంత?

పెద్ద చక్రం రాళ్ల మీదుగా సులువుగా దొర్లుతుంది. ఇది నిజమే. కానీ ఎంత సులువుగా? 10 సెంటీమీటర్ల రాయిని ఢీకొట్టినప్పుడు 26 చక్రం దాన్ని సుమారు 45 డిగ్రీల కోణంలో తాకితే, 29 చక్రం 43 డిగ్రీల్లో తాకుతుంది. తేడా రెండు డిగ్రీలే. ఒక్క రాయికి పెద్దగా తెలియదు. కంకర బాట మీద గంటసేపు తొక్కితే మాత్రం చేతులకూ నడుముకూ తేడా తెలుస్తుంది. ఒకసారి వేగం అందుకున్నాక అది నిలబడటం కూడా తేలిక.

మరోవైపు పెద్ద రిమ్ము, పెద్ద టైరు బరువెక్కువ. ఆగి ఆగి కదలాల్సిన చోట, ఇరుకు మలుపుల్లో కాళ్లకు పని పెరుగుతుంది. ఎత్తు తక్కువున్న వాళ్లకు ఇంకో ఇబ్బంది: చిన్న ఫ్రేములో 29 చక్రం ఇరికిస్తే హ్యాండిల్ తిప్పినప్పుడు పెడల్ మీదున్న కాలి వేళ్లు ముందు టైరుకు తగిలే ప్రమాదం ఉంటుంది. నెమ్మదిగా మలుపు తిరిగేటప్పుడు పడిపోవడానికి అది చాలు.

అసలు కథ ట్రెయిల్‌ది

హ్యాండిల్ ఏ గీత చుట్టూ తిరుగుతుందో ఆ గీతను నేల దాకా పొడిగించండి. అది టైరు నేలను తాకే చోటికి కాస్త ముందు పడుతుంది. ఆ రెండింటి మధ్య దూరమే ‘ట్రెయిల్’. ఆఫీసు కుర్చీ కింది చిన్న చక్రం ఎటు తోస్తే అటు తిరిగి వెనకాలే వస్తుంది కదా, అదే సూత్రం. ట్రెయిల్ ఎక్కువైతే సైకిల్ వేగంలో నిటారుగా, స్థిరంగా పోతుంది. తక్కువైతే చిటికెలో తిరుగుతుంది, కానీ దిగుడులో వణుకుతుంది.

ప్రోగ్రామింగ్ భాషలో చెప్పాలంటే ఈ ఫంక్షన్‌కు ఇన్‌పుట్లు మూడు: చక్రం వ్యాసార్థం, హెడ్ యాంగిల్ (ముందు ఫోర్క్ నేలతో చేసే కోణం), ఫోర్క్ ఆఫ్‌సెట్ (తిరిగే గీత నుంచి ఇరుసు ఎంత ముందుకుంది). లెక్క వేసి చూద్దాం:

• 26 చక్రం, 71 డిగ్రీలు, 38 మి.మీ. ఆఫ్‌సెట్: ట్రెయిల్ సుమారు 75 మి.మీ.
• అదే కోణం, అదే ఆఫ్‌సెట్, చక్రం మాత్రం 29: సుమారు 87 మి.మీ.
• 29 చక్రమే, ఆఫ్‌సెట్ 51 మి.మీ.: సుమారు 73 మి.మీ.
• 29 చక్రం, 66 డిగ్రీలు, 44 మి.మీ.: సుమారు 117 మి.మీ.

రెండో లైను, మూడో లైను పక్కపక్కన పెట్టి చూడండి. చక్రం అదే, కోణం అదే. ఫోర్క్ 13 మిల్లీమీటర్లు ముందుకు జరిగేసరికి ట్రెయిల్ 26 సైకిల్ కంటే కూడా తగ్గిపోయింది. ‘29 సైకిళ్లు మలుపు తిరగవు’ అనే మాట మొదట్లో గట్టిగా వినిపించింది. కంపెనీలు ఆఫ్‌సెట్ పెంచి, వెనక భాగం పొట్టి చేశాక ఆ ఫిర్యాదు చాలావరకు తగ్గింది. చివరి లైను ఇప్పటి కొండ బాటల సైకిళ్లది. నిటారు దిగుడులో రాయిలా నిలబడుతుంది. అదే సైకిల్‌ను ఎత్తు మీదికి నెమ్మదిగా తొక్కితే ముందు చక్రం అటూ ఇటూ ఊగుతుంది.

26 నుంచి 29 దాకా

1976లో కాలిఫోర్నియాలో కొందరు కుర్రాళ్లు ‘రీప్యాక్’ అనే మట్టి దిగుడులో పాత ష్విన్ సైకిళ్ల మీద పందేలు పెట్టుకున్నారు. వాటికి 26 ఇంచుల లావు టైర్లు ఉండేవి. మౌంటెన్ బైక్‌కు 26 అలా అంటుకుపోయింది. సైన్సు లెక్కేసి ఎంచుకున్నది కాదు, చేతికి దొరికింది అది. 29కి సరిపోయే లావు టైరు 1999లో గానీ మార్కెట్లోకి రాలేదు.

2012 లండన్ ఒలింపిక్స్‌లో 29 మీద యారోస్లావ్ కుల్హవీ స్వర్ణం గెలిచాడు. 27.5 మీద నీనో షుర్టర్ రెండో స్థానంలో నిలిచాడు. గంటన్నర రేసులో తేడా ఒక్క సెకను! నాలుగేళ్ల తర్వాత రియోలో షుర్టర్ 29 మీదే స్వర్ణం గెలిచాడు. ఇప్పుడు దిగుడు రేసుల్లో ముందు 29, వెనక 27.5 పెట్టుకునే వాళ్లూ చాలామందే ఉన్నారు. ముందు చక్రం రాళ్లు దాటిస్తుంది, వెనకది చటుక్కున తిరుగుతుంది.

తాత సైకిల్ రహస్యం

మళ్లీ మన నల్ల సైకిల్ దగ్గరికొద్దాం. దాని ముందు భాగం కూడా బాగా వాలి ఉంటుంది, 68 డిగ్రీల చుట్టుపక్కల. కోణం మాత్రమే చూస్తే అది ఇప్పటి మౌంటెన్ బైక్‌కు అన్న. కానీ దాని ఫోర్క్ ముందుకు బాగా వంగి ఉంటుంది. ఆఫ్‌సెట్ 75 మి.మీ. అనుకుంటే ట్రెయిల్ 62 మి.మీ. దాటదు. అందుకే వెనక రెండు బస్తాలున్నా హ్యాండిల్ తేలిగ్గా తిరుగుతుంది. గుంతల అదురును వంగిన ఫోర్క్, పొడవాటి ఫ్రేమ్, సీటు కింద స్ప్రింగులు కలిసి మింగేస్తాయి. అంటే చక్రం ఒక్కటే కాదు, కోణం ఒక్కటి చూసినా మోసపోతాం. అన్నీ కలిపి చూడాలి.

కొనేముందు మీ ఫోన్ తీయండి

సైకిల్‌ను చదునైన నేల మీద నిలబెట్టి, ఫోన్‌లో లెవెల్ యాప్ ఓపెన్ చేసి, సస్పెన్షన్ ఫోర్క్ పై గొట్టానికి ఆనించండి. నేల నుంచి ఎన్ని డిగ్రీలో అదే హెడ్ యాంగిల్. 70-71 వస్తే ఊరి రోడ్లు, ఎత్తులు, రోజూ కాలేజీకి బాగుంటుంది. 67-68 అయితే బాటలకూ రోడ్డుకూ మధ్యస్థం. 65 కంటే తక్కువైతే అది కొండలు దిగడానికి పుట్టిన సైకిల్. మన నేల మీద దానికి పనీ తక్కువే, దానితో మీకు సుఖమూ తక్కువే.

తర్వాత ఫ్రేమ్ మీద కాళ్లు అటూ ఇటూ వేసి నిలబడండి. పై గొట్టానికీ మీకూ మధ్య రెండు మూడు ఇంచుల ఖాళీ లేకపోతే ఆ సైజు మీది కాదు. పెడల్ మీద కాలు పెట్టి హ్యాండిల్ పూర్తిగా తిప్పండి, వేళ్లు తగులుతున్నాయేమో చూడండి. ఐదడుగుల రెండు ఇంచుల లోపు వాళ్లు 27.5 లేదా 26 తీసుకుంటే చిన్నతనమేమీ కాదు. తక్కువ ధరకు ముందూ వెనకా సస్పెన్షన్ ఇస్తామంటే జాగ్రత్త: అందులో చాలావరకు బరువే కొంటారు.

ఆత్మకూర్ లాంటి చోట ఇంకో రెండు విషయాలు చక్రం సైజు కంటే ముఖ్యం. ఒకటి టైరు వెడల్పు. ఇసుక, వదులు మట్టిలో 2.1 ఇంచులకు తగ్గకుండా ఉంటే, గాలి కాస్త తగ్గించి తొక్కితే పట్టు దొరుకుతుంది. రెండోది సర్కారు తుమ్మ ముల్లు. అది 26, 29 తేడా చూడదు. స్పేర్ ట్యూబ్, చిన్న పంపు ఎప్పుడూ బ్యాగులో ఉండాల్సిందే. ట్యూబ్ కొనేటప్పుడు మాత్రం దాని మీద 622 ఉందా, 584 ఉందా ఒకసారి చూసుకోండి.