ఎండలో మాగిన తీపి

బాంబూఫ్లాట్‌లో మాగాయ పెట్టడం ఓ సాహసం. కోసిన ముక్కలకు వరుసగా ఎండలు కావాలి. అండమాన్‌లో మే నెల సగం దాటితే ఆకాశాన్ని నమ్మడానికి లేదు. ఏడాదికి దాదాపు 3,000 మిల్లీమీటర్ల వాన, మిగిలిన రోజుల్లో సముద్రపు తేమ. పోర్ట్ బ్లెయిర్ (2024 నుంచి శ్రీ విజయపురం) రేవుకు ఎదురు ఒడ్డున ఉన్న ఈ ఊరితో సహా దీవులన్నిటా శ్రీకాకుళం మూలాలున్న తెలుగు కుటుంబాలు కనిపిస్తాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ జనంలో తెలుగువారు 13 శాతం పైనే. ఉప్పు, ఎండ, ఓపిక కుదిరితేనే జాడీ ఏడాది నిలుస్తుందని వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

సరిగ్గా ఆ లెక్క మీదే బతికే వైన్ ఒకటుంది. ఫ్రాన్స్ దక్షిణ కొసన, స్పెయిన్ సరిహద్దును ఆనుకుని ఉన్న రూసియోన్ ప్రాంతం దాని పుట్టిల్లు. అక్కడ ఉప్పు చేసే పని స్పిరిట్ చేస్తుంది.

కిటుకు చిన్నదే. ద్రాక్షరసం పులిసేటప్పుడు ఈస్ట్ చక్కెరను తిని ఆల్కహాల్‌గా మారుస్తుంది. వదిలేస్తే తీపి దాదాపు అంతా పోతుంది. సగం దారిలో, ఇంకా బోలెడు చక్కెర మిగిలుండగానే, రసం పరిమాణంలో 5 నుంచి 10 శాతం మేర ఘాటైన స్పిరిట్ పోస్తారు. ఈస్ట్ అక్కడికక్కడే చతికిలబడుతుంది. తీపి మిగిలిపోతుంది, ఆల్కహాల్ 15 శాతం దాటుతుంది, వైన్ చెడదు. ఈ పద్ధతి కనిపెట్టిన ఘనతను 13వ శతాబ్దంలో మోంపెలియేలో వైద్యం బోధించిన అర్నో ద విల్‌నవ్‌కు కట్టబెడతారు. ఇంత చేసి ఈ వైన్లకు పెట్టిన పేరుకు అర్థం ‘సహజమైన తీపి వైన్లు’. ఆ సహజత్వం ద్రాక్షలోని చక్కెరదే కాబోలు!

మన ఆయుర్వేద దుకాణాల్లో దొరికే ద్రాక్షారిష్టం దీనికి దూరపు చుట్టం. దానిలోనూ తీపీ, ఆల్కహాలూ కలిసే ఉంటాయి. కానీ అక్కడ బయటి నుంచి స్పిరిట్ పోయరు, పులిసినప్పుడు పుట్టిందే. బెల్లం మాత్రం బయటిది. రూసియోన్‌లో తీరు తలకిందులు: చక్కెరంతా పండుదే అయి తీరాలి. లీటరు రసంలో కనీసం 252 గ్రాములుండాలని నిబంధన. అంత చక్కెర పట్టాలంటే పండును మండే ఎండలో తీగ మీదే పూర్తిగా పండనివ్వాలి.

ఎండ పని అక్కడితో ఆగదు. మామూలు వైన్‌ను చీకటి నేలమాళిగల్లో పసిబిడ్డలా దాస్తారు. మోరీ గ్రామం దగ్గరి మాస్ అమియెల్ ఎస్టేట్‌లో గాజు జాడీలను వరుసగా ఆరుబయట పేర్చి ఏడాదిపాటు ఎండకూ చలికీ వదిలేస్తారు. ఆ తర్వాతే పీపాల్లోకి. ఎరుపు వెలిసి ఇటుక రంగుకు దిగుతుంది. అంజూరం, అక్రోటు, కాఫీ గుర్తొచ్చే వాసనలు పుడతాయి. సముద్రం మీదికి ఒరిగిన బన్యుల్స్ కొండల్లో పలకరాతి మెట్ల మీద గ్రెనాష్ ద్రాక్ష పెంచుతారు. వాలు ఎంత నిటారంటే అక్కడ యంత్రాలకు పెద్దగా పని లేదు, అంతా మనిషి చెయ్యే. బన్యుల్స్, మోరీ, రివ్‌సాల్ట్ పేర్లకు 1936లోనే చట్టరక్షణ దొరికింది.

వేడి వైన్‌కు మేలు చేయగలదన్నది పోర్చుగీసు వర్తకులకు సముద్రం నేర్పిన పాఠం. మదీరా దీవి నుంచి ఉష్ణమండలం మీదుగా ఇండియా దాకా వచ్చి తిరిగెళ్లిన పీపాల్లో వైన్ మరింత రుచిగా తేలింది. తర్వాత ఓడ ఖర్చెందుకని దీవిలోనే వేడి చేయడం మొదలెట్టారు.

చట్టం పేరును కాపాడింది కానీ గిరాకీని కాపాడలేకపోయింది. ఒకప్పుడు భోజనానికి ముందు ఫ్రెంచివాళ్లు చిన్న గ్లాసులో పుచ్చుకునే పానీయం ఇది. 1980ల నుంచి ఆ అలవాటు సన్నగిల్లుతూ వచ్చింది. తీపి తాతల కాలపు రుచి అయిపోయింది. రైతులు అదే గ్రెనాష్‌తో తీపి లేని ఎర్ర వైన్ చేయడానికి మళ్లారు. తప్పుపట్టలేం. తీపి వైన్ పీపాలో ఏళ్లపాటు మాగాలి, బ్యాంకు వాయిదా మాగదు.

ఇప్పుడు ఎండే ఎదురు తిరిగింది. 2022లో రూసియోన్‌ను కరువు పట్టుకుంది. 2023లో పెర్పిన్యాన్‌లో సాధారణ వర్షపాతంలో సగం కూడా కురవలేదు. నీరందని తీగ ఆకులు ముడుచుకుంటుంది, పండు పండక ముందే వడలిపోతుంది, రసం తగ్గిపోతుంది. బన్యుల్స్‌లో హెక్టారుకు 3,000 లీటర్లు మించకూడదని నిబంధన. కరువు ఏళ్లలో ఆ హద్దు గురించి రైతు బెంగపడాల్సిన పనే లేదు. 2025 ఆగస్టులో పొరుగున ఉన్న కోర్బియేర్ కొండల్లో కార్చిచ్చు సుమారు 16 వేల హెక్టార్లను చుట్టేసింది. అంతకుముందు 2024లో, అమ్ముడుపోని వైన్ బరువు తగ్గించుకోవడానికి ఫ్రాన్స్ ప్రభుత్వం తోటలు శాశ్వతంగా పెకలించే వారికి హెక్టారుకు 4,000 యూరోలు ప్రకటించింది.

పీకేస్తే ముందు పోయేది ముసలి తీగలే. దిగుబడి తక్కువ, చాకిరీ ఎక్కువ. కానీ తీపి వైన్‌కు చిక్కదనమిచ్చేవీ అవే. కొత్త తీగ నాటితే ఆ వయసు రావడానికి యాభై అరవై ఏళ్లు. ఈలోగా బన్యుల్స్ కొండ మీద రాతి మెట్లు కూలితే, మళ్లీ పేర్చే చేతులు ఊళ్లో ఉండాలి.