చమురు తెట్టు తొలగిన పిమ్మట

2017 జనవరి 28వ తేదీన చెన్నపట్టణమునకు ఉత్తరమున ఎన్నూరు రేవు చెంత రెండు ఓడలు ఢీకొనగా చమురు సముద్రము పాలయినది. తీరమునకు చేరిన నల్లని జిగురును జనులు బకెట్లతో ఎత్తిపోసిన దృశ్యము పలువురకు జ్ఞాపకముండును. ఆ తెట్టు గాలికిని ప్రవాహమునకును లోబడి ఏ దిక్కునకు పోవునో హైదరాబాదులోని జాతీయ మహాసముద్ర సమాచార కేంద్రమువారు గణించి తెలిపిరి. అది కొన్ని దినముల పని. తెట్టు కంటికి కనుపించుట మానిన పిమ్మట జరుగవలసిన పరిశీలన వేరు. అది దశాబ్దములు పట్టును. దానికి మిక్కిలి విపులమైన ఉదాహరణము అలాస్కాలో కలదు.

1989 మార్చి 24వ తేదీన ఎక్సాన్ వాల్డెజ్ అను ఓడ ప్రిన్స్ విలియం సౌండ్ అను అఖాతములో నీటి మాటున నున్న బండపై కెక్కినది. సుమారు 1 కోటి 10 లక్షల గాలనుల ముడిచమురు వెలువడి, 1,300 మైళ్ల తీరము నంటినది. 35 వేలకు పైగా పక్షుల కళేబరములును, వేయి సముద్రపు నీటికుక్కల కళేబరములును దొరకినవి. చచ్చినవానిలో అధికభాగము మునిగిపోవును గనుక, రెండున్నర లక్షల పక్షులు, 2,800 నీటికుక్కలు మరణించియుండునని శాస్త్రజ్ఞులు అంచనా కట్టిరి.

నష్టమనగా పూర్వమున్న దానికిని ఇప్పుడున్న దానికిని గల భేదము. పూర్వపు లెక్క లేనిచో భేదము తేలదు. అచటి అనేక జీవుల విషయమున అట్టి లెక్క లేకుండెను. అందుచే చమురంటిన తీరమును అంటని తీరముతో సరిపోల్చిరి. కాని రెండు తీరములు ఎన్నడును ఒక్కరీతిగా నుండవు. వేడినీటిని ఒత్తిడితో చిమ్మి కడిగిన చోట్ల రాళ్లనంటి బ్రతుకు ప్రాణులు మరింత చచ్చినవి. పోలికకై కొన్ని చోట్లను కడుగక విడిచిరి. అట్టి చోటనున్న ఒక బండను ఆలన్ మియర్న్స్ అను శాస్త్రజ్ఞుడు 1990 మొదలు ఏటేట ఫొటో తీయుచు వచ్చెను. ఒక యేడు దానినిండ నాచు, కొన్నియేండ్లకు ఇంచుమించు బోడిరాయి, మరల నాచు. చమురు ప్రసక్తి లేకయే ప్రకృతి ఎంత మారుచుండునో ఆ ఛాయాచిత్రములు తెలిపినంత స్పష్టముగా పట్టికలు తెలుపజాలవు.

ఇక దొరకిన చమురెల్ల ఆ ఓడదేనా? రసాయనపరీక్షలో ప్రతి చమురునకును దాని పుట్టుక తెలుపు గుర్తులుండును. అట్లు పరీక్షింపగా కొన్ని తారుముద్దలు కాలిఫోర్నియా చమురువని తేలినవి! 1964 నాటి భూకంపమున పగిలిన తొట్లనుండి అవి వచ్చియుండునని నిర్ణయించిరి. నష్టపరిహారపు వ్యాజ్యములలో ఇట్టి నిర్ణయమునకు ఎంత విలువయో చెప్పనక్కరలేదు. 1991లో కుదిరిన రాజీలో ఆ కంపెనీ 90 కోట్ల డాలర్లు చెల్లించుటకు ఒప్పుకొనెను. పిమ్మటి పరిశోధనకు ఆ ధనమే ఆధారమైనది.

చమురు కొట్టుకొనిపోయినదని పలువురు తలచియుండిరి. 2001లో శాస్త్రజ్ఞులు 95 దినములు శ్రమించి, 91 చోట్ల సుమారు 9,000 గోతులు త్రవ్వి చూచిరి. సగమునకు పైబడిన చోట్ల చమురు కానవచ్చెను. గులకరాళ్ల క్రింద గాలి సోకనందున అది చెడక నిలిచినది. నీటికుక్కలు ఆల్చిప్పలకై త్రవ్వునదియు అట్టి నేలయే. చమురు సోకినపుడు దేహములో పెరుగు ఒక ఎంజైమును కొలిచి, అవియు, అచటి బాతులును ఏండ్ల తరబడి విషమును మ్రింగుచునే యున్నవని తేల్చిరి. నీటికుక్కల సంఖ్య పూర్వస్థితికి వచ్చెనని ప్రకటించుటకు 2014 వరకు పట్టినది.

హెర్రింగు చేపల కథ ఇట్లు తేలలేదు. 1993లో అవి హఠాత్తుగా తరిగిపోయి, వానిపై జీవించు జాలరుల వృత్తి నిలిచిపోయినది. కారణము చమురా, వ్యాధియా, ఆహారలోపమా యను విషయమున శాస్త్రజ్ఞులకు నేటికిని ఏకాభిప్రాయము కుదురలేదు.