పది నెలలు నిద్రపోయే పురుగు

లింగసుగూరులో పనిచేశానంటే తెలిసినవాళ్లు ముందుగా హట్టి బంగారు గని సంగతే అడుగుతారు. నాకు మాత్రం ఆ తాలూకాలో మట్టి కింద దాగిన మరొకటి గుర్తొస్తుంది.

1998లో అక్కడ పంట రుణాలు చూసేవాణ్ణి. చదివింది బి.కాం. ఆగస్టు చివర ఒక రైతు మెట్ట పొలం తనిఖీకి వెళ్తే వేరుశనగ మొక్క ఒక్కటీ లేదు. అప్పు తీసుకుని విత్తనమే వేయలేదని నివేదిక పంపేశాను. తర్వాత ఆ పెద్దాయన వచ్చి, కోప్పడకుండా, "ఒక్కసారి గట్టు మీదికి రండి సారూ" అన్నాడు.

వేపచెట్టు కింద జానెడు లోతు తవ్వాడు. ఖర్జూరం గింజల్లాంటి ముదురు గోధుమరంగు ప్యూపాలు బయటపడ్డాయి. "మీ బ్యాంకు డబ్బు ఇక్కడ పడుకుంది చూడండి" అన్నాడు.

అది ఎర్ర గొంగళి పురుగు. కన్నడంలో కంబళి హుళ. రెండు భాషలవారికీ దాని ఒంటిమీది నూగు చూస్తే కంబళే తోచింది! తొలకరి గట్టిగా పడిన సాయంత్రాల్లో ఈ ప్యూపాల నుంచి తెల్లటి రెక్కల పురుగులు లేస్తాయి. వాటి ఆయువు కొద్ది రోజులే. ఆలోగా ఆడపురుగు ఆకుల అడుగున వందల గుడ్లు పెడుతుంది. పిల్లలు పెరిగేకొద్దీ దండుగా ఒక చేను ముగించి పక్క చేనుకు నడుస్తాయి. సుమారు నలభై రోజులు తిని మట్టిలో దూరతాయి. ఇక మళ్లీ వాన పడేదాకా, దాదాపు పది నెలలు, తిండీ నీళ్లూ లేని నిద్ర. ఎండాకాలం లోతుగా దున్నితే ప్యూపాలు పైకి వచ్చి పక్షుల పాలవుతాయి. చేలచుట్టూ కందకం తీసి, జిల్లేడు కొమ్మలు వేసి, వాటికి చేరిన పురుగుల్ని ఏరేస్తారు. అన్నిటికన్నా తేలిక, మొదటి వానల రాత్రుల్లో మంటలు వేయడం. రెక్కల పురుగు వెలుతురు వదలదు.

రెండో నివేదిక వెంటనే రాశాను. మొదటిదాన్ని సరిదిద్దించేసరికి సంక్రాంతి దాటింది. ఆయనకు ఆ ఏడు జొన్న విత్తనానికి మా దగ్గర అప్పు పుట్టలేదు. వడ్డీకి బయట తెచ్చుకున్నాడని తర్వాత తెలిసింది.

మరుసటేడు జూన్‌లో మొదటి పెద్దవాన పడిన సాయంత్రం మా ఇంటి వరండా దీపం చుట్టూ తెల్ల రెక్కలు. స్కూటరు తీసి ఆ ఊరికి వెళ్లాను. అప్పటికే గట్ల మీద మంటలు వెలుగుతున్నాయి.

"రండి సారూ," అన్నాడు పెద్దాయన, "ఈసారి తనిఖీ రాత్రిపూట పెట్టుకున్నారే!"