కల్పిత లోకమున దారిచూపు పలకలు

దారి తెలిసినవానికి దారిపలకతో పని లేదు. తెలియనివానికే అది కావలెను. ఈ మాట అందరెరిగినదే యైనను, పలక వ్రాయు వేళ దీనిని జ్ఞప్తియం దుంచుకొనువారు అరుదు. మన వీథులలో కానవచ్చు ఈ లోపమే, నేటి బాలబాలికలు కంప్యూటరు తెరపై కట్టుకొను కల్పిత లోకములందును కానవచ్చుచున్నది. మా విద్యార్థులు కొందరు మైన్‌క్రాఫ్ట్ అను ఆటయందు ఒక గ్రామమును నిర్మించిరి. మేము వారి వెంట దాని నంతయు తిరిగి చూచి, అందలి పలకలను పరీక్షించితిమి. అందువలన తెలిసిన సంగతులను ఇచ్చట వివరించుచున్నాము.

ఈ ఆట నెరుగని తలిదండ్రుల కొరకు కొంత చెప్పవలసి యున్నది. ఇది స్వీడను దేశమున పుట్టినది. దీని తొలిరూపము 2009వ సంవత్సరమునను, పూర్ణరూపము 2011వ సంవత్సరమునను వెలువడెను. అందలి నేలయు కొండలును చెట్లును ఘనాకారపు దిమ్మలతో నేర్పడినవి. ఒక్కొక్క దిమ్మ అన్ని వైపుల ఒక మీటరు కొలత గలది. ఆటగాడు ఆ దిమ్మలను త్రవ్వి, మరల పేర్చి, ఇండ్లను వంతెనలను కట్టుకొనును. ఆ లోకమున ఒక దినము మన గడియారముపై 20 నిమిషములు మాత్రమే. ప్రొద్దు క్రుంకగానే చీకటిలో రాకాసి మూకలు బయలుదేరును. వానివలన చచ్చిన ఆటగాడు మరల బ్రదుకును గాని, అతని సామగ్రి చచ్చిన చోటనే నేలపాలగును. సాధారణముగా ఐదు నిమిషములలో పోయి ఏరుకొననిచో అది మాయమగును. కావున అచ్చట దారి తప్పుట స్వల్ప విషయము కాదు. వారముల కొలది కూర్చుకొన్న కష్టార్జితము ఒక్క రాత్రిలో పోవును.

ఆరు చెక్కదిమ్మలును ఒక పుల్లయు చేర్చినచో మూడు పలకలు లభించును. పలక ముఖమున నాలుగు పంక్తులకే చోటు కలదు. ఒక్కొక్క పంక్తిలో రెండు మూడు చిన్న మాటలకంటె ఎక్కువ పట్టవు. ఈ కొరత యొక విధమున మంచి గురువు. వ్రాయువాడు ముఖ్యమైనదానిని ఏరుకొనక తప్పదు.

మొదట మాటలను పరీక్షించితిమి. గ్రామపు నడుమ ఒక పలకపై “ఇంటికి” అని యుండెను. ఎవరి యింటికి? వ్రాసిన బాలునికి సందేహము లేదు. క్రొత్తవానికి ఆ పలక యున్నను లేనట్లే. మరియొక పలకపై “గని, వంతెన దాటి, ఎడమకు” అని మూడు పంక్తులుండెను. పోవలసిన చోటు, నడుమనున్న గురుతు, తిరుగవలసిన వైపు అను మూడును దానియందు కలవు. ఇంతకు మించి పలకకు మాటలు అక్కరలేదు.

రెండవది స్థానము. మేము చూచిన లోపములలో పెక్కులు అక్షరములయందు గాక స్థానమునందే యుండెను. ఒకచోట దారి రెండుగా చీలుచుండగా, పలక చీలికకు పది దిమ్మల ఆవల నిలిచియుండెను. దానిని చదువుసరికి బాటసారి యప్పుడే ఒక దారిని పట్టియుండును. గని ద్వారముననున్న గోతిని గూర్చిన హెచ్చరిక ఆ గోతి అంచుననే యుండెను. పలక యెల్లప్పుడు నిర్ణయము చేయవలసిన చోటికి ముందుగా నుండవలెను. హెచ్చరిక అపాయమునకు ముందుగా వినబడవలెను.

మూడవది కనబడుట. నల్లని చెక్కపై నల్లని అక్షరములు పగలే కానరావు. రాత్రి సంగతి చెప్పనేల? 2019వ సంవత్సరము నుండి అక్షరములకు రంగులద్దుటకును, 2021 నుండి వెలుగు సిరాతో చీకటియందు మెరయునట్లు చేయుటకును వీలు కలిగినది. అయినను మా విద్యార్థులు రంగులను అందము కొరకే వాడిరి. గనిదారి కొక రంగును, పొలముదారి కొక రంగును ఏర్పరచి, దానినే తుదివరకు నిలుపుకొన్నచో, రంగే సగము దారి చెప్పును.

నాల్గవది తిరుగు ప్రయాణము. 2023కు పూర్వము ఆ పలకలకు ఒక ముఖముననే వ్రాత యుండెడిది. ఆ సంవత్సరము మొదలు రెండు ముఖములందును వ్రాయవచ్చును. నిలిపిన పలకను తీయకయే దిద్దవచ్చును. గ్రామమున నున్న పలకలలో అనేకములకు వెనుకవైపు శూన్యముగా నుండెను. పోవువాడు తిరిగి వచ్చునని తలచినవారు కొందరే.

మేము చూచినవానిలో మిక్కిలి మంచి గురుతుపై ఒక్క అక్షరమైనను లేదు. గనిలోనికి పోవునపుడు దివిటీలను కుడిగోడకు మాత్రమే గ్రుచ్చుచు పోవుట ఆటగాండ్ర వాడుక. తిరిగి వచ్చునపుడు అవి ఎడమవైపున నున్నచో దారి సరియైనదని తెలియును. ఒక్క నియమమును అందరును ఎల్లప్పుడు పాటించుటవలన ఆ దివిటీ వెలుగును, దారిని గూడ ఇచ్చుచున్నది.

మరి చదువనేరని వారి మాట యేమి? ఒక బాలిక ధాన్యపు పెట్టెపై గోధుమ వెన్నును, గని తలుపుపై గునపమును చట్రములలో బిగించినది. ఆ యింటి చిన్నపిల్లలు సైతము వానిని గుర్తించిరి. అయితే బొమ్మ లన్నియు సుబోధకములు కావు. బ్రిటను దేశమున ఒకప్పుడు పాఠశాల సమీపమని తెలుపుటకు జ్ఞానజ్యోతికి గురుతైన దివిటీ బొమ్మను నిలిపెడివారు. దాని భావము ఒకరు చెప్పిననే గాని తెలియదు. కావున క్రింద “పాఠశాల” అని వ్రాయవలసి వచ్చెను. జాక్ కిన్నీర్, మార్గరెట్ కాల్వర్ట్ అను ఇరువురు రూపొందించిన క్రొత్త గురుతులు 1965వ సంవత్సరమున ఆ దేశమున అమలులోనికి వచ్చెను. వానిలో ఒక బాలిక చిన్నబాలుని చేయిపట్టి నడుపుచున్న బొమ్మ యుండెను. బండి తోలువాడు చూడవలసినది విద్య యొక్క ఘనతను కాదు, దారి దాటుచున్న బిడ్డను. ఆ బొమ్మ అదియే చూపినది.

ఈ పరీక్షలన్నిటికి మించినది యొకటి కలదు. ఆ గ్రామము నెన్నడును చూడని క్రింది తరగతి విద్యార్థిని ఒకని పిలిచి, గనికి పోయి తిరిగి రమ్మని, నిర్మించినవారు నోరు మెదపరాదని నియమించితిమి. అతడు ఎచ్చటెచ్చట నిలిచి దిక్కులు చూచెనో, అచ్చటచ్చటనే పలక లోపించినదని వారికి మా బోధ లేకయే తెలిసినది. మరునాటికి చీలికవద్ది పలక ముందునకు జరిగెను. గోతి హెచ్చరిక గని వెలుపలికి వచ్చెను. “ఇంటికి” అను పలకపై ఆ యింటివాని పేరు చేరెను.

విద్యార్థులారా, పాఠశాల వార్షికోత్సవమునకు వచ్చు తలిదండ్రుల కొరకు మీరు బాణపు గురుతులు వ్రాయునపుడు ఇదే పద్ధతి నవలంబింపుడు. పలకను కట్టిన వెంటనే పని ముగిసినదని తలపకుడు. మన ఆవరణ నెరుగని ఒకరిని ద్వారమునుండి నడిపించి, వారి వెనుక మౌనముగా నడువుడు. వారు నిలిచిన చోట మీరును నిలిచి, అచ్చట ఏమి వ్రాయవలెనో యోచింపుడు.