సంభాషణ యంత్రముల ఖాతాలు నిలిచిపోకుండుటకు

మన సంఘ సభ్యులలో పలువురు నేఁడు చేతిఫోనులోనే చాట్‌బాట్లను ప్రశ్నించి తెగుళ్ల సంగతులును, ఎరువుల మోతాదులును తెలిసికొనుచున్నారు. 2022వ సంవత్సరము నవంబరు 30వ తేదీని ఓపెన్‌ఏఐ వారు చాట్‌జీపీటీని వెలువరించినది మొదలు ఈ వాడుక క్రమముగా పల్లెలకును వచ్చినది. మంచిదే. కాని మొదట ‘సమ్మతము’ అని వ్రేలితో నొక్కినది యొక ఒడంబడిక యని, ఖాతా నిలిచిపోయిన పిమ్మటఁ గాని కొందఱు గ్రహింపకున్నారు. సంఘములో అప్పు పుచ్చుకొనువాఁడు బైలాలకు లోఁబడుదునని చేవ్రాలు చేయుట వంటిదే యిదియు.

మన గ్రామములలో తఱచుగాఁ గనుపించు దోషము, ఒకరి ఖాతాను పదిమంది వాడుకొనుట. రహస్యపదమును గోడమీఁద వ్రాసియుంచిన యిండ్లను మేము చూచితిమి. ఓపెన్‌ఏఐ వారి షరతులలో ఖాతాను ఇతరులకు వాడనీయరాదని స్పష్టముగా నున్నది. ఒకని పాసుపుస్తకముతో పదిమంది అప్పు తెచ్చినచో బాకీ యెవరిది? పొరుగువాఁడు అడుగరానిది అడిగినను పోవునది ఖాతాదారుని ఖాతాయే. వయస్సు విషయమున నియమము సంస్థ సంస్థకును వేఱు. చాట్‌జీపీటీకి 13 ఏండ్లు నిండవలెను, 18 ఏండ్ల లోపువారికి తలిదండ్రుల అనుమతి కావలెను. ఆంత్రోపిక్ వారి క్లాడ్‌నకు 18 ఏండ్లు నిండియుండవలెను. పిల్లవాని వయస్సు హెచ్చించి వ్రాయుట తగదు.

పురుగుమందు పేరెత్తినంతనే ఖాతా పోవునని కొందఱు రైతులు భయపడుచున్నారు. అది సరికాదు. పంట పేరు, తెగులు గుర్తులు, పొలము విస్తీర్ణము చెప్పి మందును గూర్చి అడుగుట నిషిద్ధము గాదు. విషము సోఁకినవానికి చేయవలసిన ప్రథమ చికిత్సను అడుగుటయు నిషిద్ధము గాదు. మనుష్యునికి హాని చేయు ఉపాయము అడుగుట, దొంగ ధ్రువపత్రము వ్రాయించుట, అధికారి పేరిట ఉత్తరము కల్పించుట, ఇవి నిషిద్ధములు. సంస్థలవారు ఇట్టివానిని కొంత యంత్రములచేతను, కొంత మనుష్యులచేతను పరిశీలించుచుందురు. కాఁబట్టి ప్రశ్నలో ఉద్దేశము విశదముగా నుండుట మేలు. యంత్రము నిరాకరించినదానిని వేషము మార్చి మరల మరల అడుగుటయు దోషమే. (యంత్రము చెప్పిన మోతాదును మాత్రము డబ్బామీఁది చీటీతో సరిచూడక పిచికారి చేయవలదు; అది తప్పు చెప్పుటయుఁ గలదు.)

ఖాతా నిలిచినచో మఱియొక పేరున క్రొత్తది తెఱచువారు గలరు. ఆంత్రోపిక్ వారి నియమములలో ఇదియే వేఱొక అపరాధముగాఁ జెప్పఁబడినది. ఈ సంస్థలు పునర్విచారణకు అర్జీపత్రమును ఉంచినవి; జరిగినది జరిగినట్లు, తేదీతో, క్లుప్తముగా వ్రాయవలెను. రుసుము పుచ్చుకొని ఖాతా తెఱపించెదమని ఫోను చేయువారికి పైకము గాని ఓటీపీ గాని యీయవలదు. అక్కఱకు వచ్చు జవాబులను ముందుగనే నోటుపుస్తకములో ఎక్కించుకొనినచో నష్టము తక్కువ. ఖాతా తిరిగి వచ్చులోపల పైరు ఆగదు గాన, సందేహములకు 2004వ సంవత్సరమున నేర్పడిన కిసాన్ కాల్ సెంటరువారిని 1800-180-1551 సంఖ్యకు ఉచితముగాఁ బిలువవచ్చును.